తోలు వలవని నల్లోడు

కుంభావతీ నగరపు తూర్పు కోటగోడ మీద ఎండ ఇంకా పడలేదు. రాజపానశాల పొగగొట్టాల్లోంచి మాత్రం అప్పటికే నీలిపొగ మెలికలు తిరుగుతూ లేచి బురుజుల మీది రాగికలశాలను చుట్టుకుంటోంది. లోపల ఏనుగు పొట్టంత జాడీలు మెడదాకా ఇసుకలో పాతి వరసగా ఉన్నాయి. పైకప్పు నుంచి ఇత్తడి గొలుసులకు వేలాడే జల్లెడలు గాలి తగిలినప్పుడల్లా గలగలమంటున్నాయి. నేలమీద మొలకెత్తిన యవలు పలుచగా ఆరబోసి ఉన్నాయి. వాటి తీపి వాసన ఒకవైపు నుంచి, మంగలాల్లో వేగుతున్న గింజల మాడు వాసన మరోవైపు నుంచి వచ్చి, గది మధ్యలో ఢీకొట్టుకుంటున్నాయి.

సరిగ్గా ఆ మధ్యలో కూర్చుని యవలు చెరుగుతున్న మసిముఖం పిల్లను అక్కడ అందరూ పోలి అంటారు. పనిలో కొత్తగా చేరింది. చెరగడం బాగానే వచ్చు గాని, చేట వైపు చూడదు, చుట్టూ ఉన్న మనుషుల చేతుల వైపు చూస్తుంది. ఎవరు ఏ జాడీ దగ్గరికి వెళ్ళారు, ఎవరు చేతులు కొంగుకు తుడుచుకున్నారు, ఎవరు తుడుచుకోలేదు, అన్నీ చూస్తుంది.

ఆమె పోలి కాదు. కుంభావతి సేనాపతి కూతురు శరావతి. సరిహద్దు కోటలో కాపలా కాస్తోందని లోకమంతా అనుకుంటోంది. ఆమె నడుము దగ్గర కొంగు మడతలో చురకత్తి ఉంది.

ఆ సరిహద్దు అడవిలోనే మాంత్రికుడు ధూమకేశుడి దూత ఒకడు ఆమెకు పట్టుబడ్డాడు. చెట్టుకు కట్టి అడిగితే పకపకా నవ్వాడు. "మీ రాణి మొలకల పండుగనాడు నల్లపానం తాగుతుందిగా! ఆ గుటకతోనే రాయైపోతుంది. శిలమూలం కలిపే చెయ్యి మీ కోటలోనే ఉంది, వెతుక్కో," అన్నాడు. అలా నవ్వుతూనే బూడిదకుప్పై కూలిపోయాడు.

రాణి హేమావళీదేవి శరావతికి పెద్దమ్మ. తల్లిలేని పిల్లను ఒళ్ళో వేసుకుని పెంచింది, విల్లు పట్టడం నేర్పింది. ఆ రాణి మెడలో వజ్రకంఠిక ఉన్నంతకాలం ఏ ఆయుధమూ, ఏ మంత్రమూ ఆమెను తాకలేవు. తన చేత్తో తాను తీసుకుని మింగినదాన్ని మాత్రం కంఠిక ఆపలేదు. ఇక శిలమూలానికి ఉన్న లోపమల్లా చేదు. కటిక చేదు. రాణి తాగే నల్లపానమో, కాటుకంత నల్లగా ఉన్నా పాలంత మెత్తగా గొంతు దిగుతుంది. అందులో ఆ వేరు పడితే చంటిపిల్ల కూడా ఉమ్మేస్తుంది. మరి ఎలా కలుపుతారు? ఎవరు కలుపుతారు? రాణికి ముందే చెబితే ద్రోహి జాగ్రత్తపడి ఇంకో దారి పడతాడు. అందుకే శరావతి ముఖాన మసి పూసుకుని చేట పట్టింది. ఇన్నాళ్ళూ ఎంత కనిపెట్టినా ఏమీ దొరకలేదు. పండుగ ఇవాళే. మిట్టమధ్యాహ్నం రాణి గిన్నె ఎత్తుతుంది.

మంగలాల గది తడిక వెనక నుంచి గుసగుసలు వినిపించాయి. శరావతి చేట ఊపడం ఆపకుండానే చెవి అటు వేసింది.

"నల్లోడి తోలు వలవద్దురా. పొద్దు లేదు. అట్టాగే మంట మీదికి ఎక్కించు," అన్నది పానశాల పెద్ద గంగసాని గొంతు.

"మరి గొడ్డుదాన్ని?" ఇది వేపుడు పని చేసే బుక్కన్న.

"దాన్నీ వాడితోనే కలిపి మాడ్చెయ్."

"గొడ్డుది శానా గట్టిది సానమ్మా. తొందరగా లొంగదు."

"మంట పెంచు! ఎండెక్కేలోగా పని కావాల. కోట మనుషులొచ్చి అడిగితే ఏం చెప్తాం?"

శరావతి చేతిలో చేట ఆగిపోయింది. రాణి అంగరక్షకుడు కరియవీరుడిని నగరమంతా ముద్దుగా నల్లోడనే పిలుస్తుంది. గొడ్డుది అనే మాట ఎవరి గురించో కూడా ఆమెకు తెలుసు. పిల్లలు లేని రాణిని శత్రువులు అనే మాట అది. సొంత దాసీలు చాటుగా అనడం కూడా ఒకసారి ఆమె చెవిన పడింది.

ఆ క్షణంలోనే తడిక ఎగిరిపడింది. శరావతి ఒక్క గెంతులో లోపల వాలి, బుక్కన్న మెడ ఎడమ చేత్తో వంచి, చురకత్తి గొంతుకు ఆనించింది. అతని చేతిలోని ఇనుపగరిట ఖణేలుమని రాతినేల మీద పడింది.

"కరియ... నల్లోణ్ణి ఎక్కడ దాచారు? చెప్పు!"

బుక్కన్న గుడ్లు తేలేశాడు. చూపుడువేలు పొయ్యి మీదికి లేచింది. "ఇ... ఇందులోనే ఉన్నాడమ్మా నల్లోడు."

శరావతి మంగలంలోకి చూసింది. గింజలు! బొగ్గంత నల్లటి యవగింజలు చిటపటలాడుతున్నాయి.

"మరి గొడ్డుది..."

"అది పక్క చేటలో ఉంది. ఇంకా పొయ్యెక్కలేదు."

గంగసాని అరవలేదు, పారిపోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏందే పోలీ, చేట వదిలి కత్తి పట్టినావు? మేమేమన్నా మనుషుల్ని వేపుతున్నామా?"

శరావతి బుర్ర చకచకా పనిచేసింది. తల వంచుకుని, ముక్కు చీది, గొంతు మార్చింది. "మా ఆయన నల్లగా ఉంటాడు సానమ్మా. ఊళ్ళో అందరూ నల్లోడే అంటారు. నాకు పిల్లల్లేరని మా అత్త నన్ను గొడ్డుదనే పిలుస్తది. మా అత్త మీకు కాసులిచ్చి మా ఇద్దర్నీ... అనుకున్నా."

గంగసాని పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ ఆయన్ని వేపడానికి నా మంగలం చాలదే తల్లీ!"

"నవ్వు సానమ్మా, నవ్వు," అన్నాడు బుక్కన్న మెడ తడుముకుంటూ. "గీత పడింది సూడు. పండగపూట నా పెళ్ళాం అడిగితే ఏం చెప్పాల?"

"పిల్లి గీకిందని చెప్పు."

"ఇంత పొడుగు పిల్లా?"

నవ్వుతున్న గంగసాని చూపు కత్తి పిడి మీద ఆగింది. దంతపు పిడి. "చెరిగేదాని కొంగులో ఉండే కత్తి కాదే ఇది."

"మా ఆయన సైన్యంలో చేస్తాడు."

"ఓహో," అన్నది గంగసాని. ఆ 'ఓహో'లో నమ్మకం ఎంతుందో శరావతికి అంతుపట్టలేదు. తనకూ ఆమె మీద అంతే నమ్మకం.

"కూచో. పేర్లు తెలీకే కదా మనిషి పీక కోయబోయినావు. తెలుసుకో." గంగసాని ఆమె అరచేతిలో గింజలు పోసింది. శరావతి వెంటనే నోట వేసుకోలేదు. గంగసాని అదే గుప్పిట్లోంచి తీసుకుని తానూ నమిలిన తర్వాతే పళ్ళ కింద పెట్టింది.

మొదటిది చింతపిక్క రంగులో ఉంది. దాని పేరూ చింతపిక్కే. కొరికితే వేయించిన శనగల కమ్మదనం, చివర్న కొద్దిగా చేదు. "నలుపు రాకముందే దించేస్తాం దీన్ని. రెప్ప వేసేలోపు అటో ఇటో అవుతది. బుక్కడు ఈ పొయ్యి దగ్గరుంటే పెళ్ళాం పిలిచినా పలకడు," అన్నది గంగసాని. పాకపుగింజ వేరు. దాన్ని తడిమీదే మూతవేసి మగ్గబెట్టి, ఆ తర్వాత వేపుతారట. లోపలంతా బెల్లంపాకంలా గడ్డకట్టి పళ్ళకు అంటుకుంది. "ఇది పానానికి తీపి, నునుపు. నలుపు కోసం కాదు."

నల్లోణ్ణి కొరకగానే నోరంతా బూడిద అయింది. ముందు ఏమీ లేదు. మింగాక గొంతు వెనక పట్టుకుని, ఆరి, గీరింది. శరావతి దగ్గింది.

"తోలుతో మాడితే అంతే. ఇప్పుడు నిన్న మాడ్చిన గొడ్డుదాన్ని చూడు. రెంటినీ పక్కపక్కన పెడితే కళ్ళు పోల్చలేవు. పళ్ళు పోలుస్తాయి. నల్లోడు మొలకెత్తి ఎండినవాడు, పళ్ళ కింద గుల్లగా పొడైపోతాడు. ఇది మొలకెత్తని గింజ. అందుకే గొడ్డుదన్నారు. రాయిలా ఉంటది. దీని చేదు పొడిగా, శుభ్రంగా ఉంటది. నురగ కూడా తెల్లగా కడతది. నల్లోడి నురగ మట్టిరంగు. ఇయ్యాల వేపేది సిపాయిల పానానికి. వాళ్ళకు చేదు కావాల. యుద్ధం నుంచి వచ్చినోళ్ళ నాలుకలకు తీపి ఎక్కదు."

"మరి రాణిగారి కుండలోకి?"

"తోలు వలిచిన నల్లోడు," అన్నది గంగసాని, దేవుడి పేరు చెప్పినట్టు. "చేదంతా తోల్లోనే ఉంటది. ముందే తోలు వలిచి, తర్వాత మాడిస్తే, నలుపు మిగుల్తది, కాటు పోతది. ఆ తోలు మా ఆవులకు మేత. పెరట్లో గాదె ఉంది."

ఎండ నడినెత్తికి ఎక్కేదాకా ఆమెకు కదిలే సందు దొరకలేదు. అప్పుడు శరావతి నీళ్ళు తేవాలన్న వంకతో కడవ ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. గాదె మూత తీసింది. లోపల ఒక్క పొట్టు రేక లేదు. గాదె మూతి నుంచి అడుగుదాకా సాలెగూడు అల్లి, దాని మధ్యలో బలిసిన సాలీడు నిద్రపోతోంది. ఈ ఏడు ఎవరూ ఏ గింజ తోలూ వలవలేదు.

గాదె పక్కనే రాజముద్ర ఉన్న గోనె ఉంది. రాణి కుండకు వాడగా మిగిలిన గింజలు. ఒకటి కొరికింది. గుల్లగా పొడైంది. మొలకెత్తిన గింజే. మింగింది. బూడిద. గొంతు వెనక అదే గీర. తోలు వలవని నల్లోడు!

అయితే రాణి తాగబోయే పానం చేదుగా ఉందన్నమాట. ఆ చేదు మాటున మరో చేదు దాక్కుంటుంది. ఆమె వెనక్కి తిరిగేలోపే ఇనుపకడియంలాంటి చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది.

"దేనికి వెతుకుతున్నావే?" గంగసాని ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు.

"నువ్వు దేనికి అబద్ధమాడావు?" శరావతి కూడా పోలి గొంతు వదిలేసింది. "రాణి కుండలో తోలుతో సహా మాడిన గింజ వేశావు. ఎవరిచ్చారు నీకు బంగారం?"

ముసలామె చెయ్యి సడలింది. "బంగారమా! రాణిగారి ఆజ్ఞే ఇది. సరిహద్దులో చచ్చిపోయిన సిపాయి పిల్లలు చివరిదాకా తాగింది ఈ చేదే గదా, ఈ ఏడు నేనూ అదే తాగుతానందంట ఆ తల్లి. సభలో ఆమే చెప్పేదాకా గుట్టుగా ఉంచమన్నారు."

"రాణి నీతో అన్నారా?"

"నాతో ఎందుకంటది? రుచిచూసే మకరందయ్యగారు వచ్చి చెప్పారు."

"కుండకు మూత వేసేటప్పుడు ఎవరున్నారు?"

"నేనే మట్టి మెత్తినా. అంతకుముందు ఆయనొచ్చి గంధం చల్లిపోయారు. మూత పడ్డాక మేం రుచి చూడకూడదు. సభలో ముందు ఆయన తాగాల, తర్వాతే రాణిగారు..." గంగసాని మాట మధ్యలోనే ఆగింది. "ఎవరే నువ్వు? ఎందుకిట్లా అడుగుతున్నావు?"

శరావతి కోట వైపు చూసింది. మకరందుడు విషం కలిపితే ముందు తాగి రాయయ్యేది అతనే. తెలిసి తెలిసి ఎవడైనా అలా చేస్తాడా? లేక ఈ ముసలిదే అతని మీదికి నెడుతోందా? గంధం చల్లింది నిజమేనా?

అప్పుడే కోటలో భేరి మోగింది. కుండ సభకు చేరింది.

శరావతి పరుగెత్తింది. సింహద్వారం దగ్గర భటులు ఈటెలు అడ్డం పెట్టి, "మసిమొహానికి సభ ఏంటే? వంటింటి దారి అటు!" అని గదిమారు. ఆమె వాదించలేదు. వెనక్కి తిరిగి, గోడ పక్కన నిలబెట్టిన పట్టపుటేనుగు తోక పట్టుకుని వీపు మీదికి పాకింది. అంబారీ మీద కాలు మోపి గవాక్షం అంచు అందుకుంది. మావటివాడు అంకుశం విసిరాడు. అది ఆమె చెవి పక్కగా వెళ్ళి రాతిలో దిగబడింది. దాన్నే మెట్టుగా చేసుకుని లోపలికి దూకి, సభామంటపపు పై వసారాలో స్తంభం చాటున వాలింది.

కింద చంద్రకాంతశిలల నేల అద్దంలా మెరుస్తోంది. స్తంభాలకు పచ్చి యవకంకుల తోరణాలు కట్టారు. మంటపం మధ్యలో వెండి కుదురు మీద మనిషెత్తు నల్లకుండ ఉంది. దాని ముందు తెల్లచీర కట్టి రాణి హేమావళీదేవి నిలబడింది. పక్కనే కరియవీరుడు, కొండలా.

"ఈ ఏడు నా పానంలో తీపి లేదు," అంటోంది రాణి. "నా బిడ్డలు తాగిన చేదే నేనూ తాగుతాను. ఈ మాట నాకు గుర్తుచేసిన మకరందుడికి నేను రుణపడి ఉన్నాను."

అయితే గంగసాని నిజమే చెప్పింది! ఆజ్ఞ రాణిదే. ఆ ఆలోచన మాత్రం మకరందుడిది.

పట్టుశాలువా కప్పుకున్న మకరందుడు ముందుకొచ్చి వినయంగా వంగి, మూత మీది మట్టి కొట్టి, గిన్నె ముంచాడు. మట్టిరంగు నురగ గిన్నె అంచుల మీద పొంగింది. అతను గిన్నె ఎత్తి గటగటా తాగాడు. శరావతి రెప్ప వేయకుండా చూసింది. అతను రాయి కాలేదు. గిన్నె దించి చిరునవ్వు నవ్వాడు. సభ జయజయధ్వానాలు చేసింది.

శరావతి ముఖం వేడెక్కింది. అనవసరంగా ఒక మనిషి పీక మీద కత్తి పెట్టింది. ఇంకో మనిషిని ద్రోహి అనుకుంది. దూత బతికున్నప్పుడు చెప్పిందే అబద్ధమేమో. వెనక్కి తగ్గబోయి, మరోసారి మకరందుడి వైపు చూసింది. అంత నురగ తాగినవాడి మీసానికి ఒక్క బుడగ అంటలేదు. ఆమె చూపు కిందికి జారింది. మకరందుడి పాదాల మధ్య, ఆ మెరిసే రాతినేల మీద, నల్లటి మడుగు మెల్లగా విస్తరిస్తోంది. తాగినదంతా అతనిలోంచి కిందికి కారిపోయింది!

మళ్ళీ ముంచిన గిన్నెను రాణి తన చేత్తో అందుకుని పెదవుల దగ్గరికి తెచ్చింది.

"తాగొద్దు!"

జయధ్వానాల్లో ఆ కేక మునిగిపోయింది. శరావతి యవకంకుల తోరణం పట్టుకుని గాల్లోకి దూకింది. తోరణం తెగింది. ఆమె సూటిగా వచ్చి రాణి చేతిమీద పడింది. గిన్నె ఎగిరి, పానం శరావతి ముఖాన చిమ్మి, నోట్లోకి పోయింది. నల్లోడి కాటు గొంతు వెనక్కి చేరేలోపే మరో చేదు నాలుక కొసను పట్టేసింది. మంచుముక్కంత చల్లటి చేదు! ఆమె అంతా ఉమ్మేసింది. కానీ ఆలస్యమైంది. నాలుక బరువెక్కింది. ఇంకా బరువెక్కింది. నోట్లో రాయి!

'పెద్దమ్మా' అనబోయింది. రోట్లో పొత్రం దొర్లినట్టు గరగరమన్నది తప్ప మాట రాలేదు.

కరియవీరుడు ఆమెను నేలకేసి అదిమాడు. "రాణిగారి మీద చెయ్యెత్తుతావా, మసిదానా!"

"ధూమకేశుడి మనిషై ఉంటుంది," అన్నాడు మకరందుడు జాలిగా. "పోనివ్వండి మహారాణీ. కుండ నిండా ఉంది. మరో గిన్నె ముంచుతాను."

"ముంచు," అన్నది రాణి.

నోరు లేదు. చేతులు కరియవీరుడి పట్టులో ఉన్నాయి. కాళ్ళు మాత్రం ఖాళీగా ఉన్నాయి. శరావతి నడుం మెలితిప్పి, రెండు కాళ్ళూ బారచాపి, వెండి కుదురును తన్నింది. కుదురు జారింది. మనిషెత్తు కుండ ఒక్కసారి ఊగి, ఒరిగి, భళ్ళున పగిలింది. నల్లపానం వరదలా మంటపమంతా పారింది. పండితులు పంచెలు ఎత్తుకున్నారు, మంత్రులు ఆసనాలెక్కారు. నురగ అందరి కాళ్ళనూ చుట్టుకుని, రెండుగా చీలి ముందుకు పారింది. మకరందుడి దగ్గర మాత్రం చీలలేదు. అక్కడ కాళ్ళే లేనట్టు, అతని పాదాల గుండా నేరుగా, తిన్నగా సాగిపోయింది.

సభ మొత్తం అది చూసింది. కరియవీరుడి పట్టు సడలింది. వరదలో పడిన శరావతి ముఖం మీది మసి కొట్టుకుపోయింది.

"శరా!" అన్నది రాణి. వెంటనే పక్కకు తిరిగింది. "మకరందా, ఎవరు నువ్వు?"

మకరందుడి శాలువా ఖాళీగా నేల మీద పడింది. అందులోంచి బూడిదరంగు పొగ సుడులు తిరుగుతూ పైకప్పు దాకా లేచింది. ఆ పొగలో ఎర్రటి కళ్ళు, రేగిన జడలు. ధూమకేశుడు! కరియవీరుడు విసిరిన ఈటె పొగలోంచి దూసుకుపోయి స్తంభానికి గుచ్చుకుంది. వజ్రకంఠిక ధగధగలాడుతుంటే పొగ రాణి దగ్గరికి పోలేక మలుపు తిరిగి, శరావతి నడుమును చుట్టేసింది. గవాక్షం బద్దలైంది. ఆమె కాళ్ళ కింద నేల లేదు.

కోట బుట్టంతైంది. చేటంతైంది. గింజంతైంది. రాణి పిలుపు కాసేపు వెంబడించి ఆగిపోయింది.

"నీ పెద్దమ్మ బతికిపోయింది," అన్నాడు ధూమకేశుడు ఆమె చెవిలో. "నువ్వు బతకవు. నాలుక తర్వాత దవడ రాయవుతుంది. ఆ తర్వాత గుండె. విరుగుడు నా గుహలో ఉంది. నాకు కావలసింది నువ్వు తెచ్చిపెడితే ఇస్తాను. ఏం కావాలో తెలుసుగా? ఆ కంఠిక."

శరావతి తల అడ్డంగా ఊపింది. దవడలో చలి మొదలైంది. తూర్పు కొండల మీద నల్లటి వానమబ్బు లేస్తోంది. దాన్ని చూడగానే నడుం చుట్టూ ఉన్న పొగ బిగుసుకుని, వణికి, దిక్కు మార్చబోయింది. వాన పడితే పొగ చెదిరిపోతుంది. పొగ చెదిరితే తాను పడేది ఆ కొండరాళ్ళ మీదే. అది తెలిసి కూడా శరావతి ఈతగాళ్ళలా కాళ్ళు బలంగా విదిల్చి, తన బరువంతా మబ్బు వైపు వేసింది.

మొదటి చినుకు ఆమె నుదుటి మీద పడింది.